ఇంట్లో నీటి ధార సన్నబడినప్పుడు సరఫరా లైను మార్చుకునే పద్ధతి

ఒక్క కుళాయి తిప్పినప్పుడు నీళ్లు బాగానే వచ్చి, రెండోది తిప్పగానే రెండింటి ధారా సన్నబడిపోతుంటే, ఇంటికి నీళ్లు తెచ్చే గొట్టం వాడకానికి చాలడం లేదని అనుమానించాలి. షవర్ కింద ఉన్నవారు వంటింట్లో కుళాయి కట్టేయమని కేకవేయవలసి రావడం, వాషింగ్ మెషీన్ నిండడానికి చాలాసేపు పట్టడం, గ్యాస్ గీజరు తగినంత నీరు అందక వెలగకపోవడం కూడా ఈ లోపానికి గుర్తులే. వీధి గొట్టం నుంచి గానీ ట్యాంకు నుంచి గానీ ఇంట్లోని మొదటి మలుపు వరకు వచ్చే ఈ గొట్టాన్నే ఇక్కడ సరఫరా లైను అంటున్నాను. దీన్ని మార్చాలంటే చాలా ఇళ్లలో నేల తవ్వక తప్పదు. పరీక్షలు చేయకుండా తవ్వితే ఖర్చూ శ్రమా పోయి, ధార మాత్రం పాత తీరులోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే తవ్వకానికి ముందు చేయవలసిన పనిని కొంత విస్తారంగా చెబుతాను.

ఒత్తిడి వేరు, ప్రవాహం వేరు

ఒత్తిడి అంటే నీటిని ముందుకు తోసే బలం. ప్రవాహం అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయన్న లెక్క. కుళాయిలన్నీ కట్టేసి నీళ్లు నిలిచి ఉన్నప్పుడు గొట్టం ఎంత ఇరుకైనా దాని చివర ఒత్తిడి తగ్గదు. నీళ్లు కదలడం మొదలైన తర్వాతే గొట్టం గోడలతో రాపిడి పుట్టి, ఆ ఒత్తిడిలో కొంత దారిలోనే ఖర్చయిపోతుంది. కాబట్టి నిలిచిన నీటి ఒత్తిడిని ఒకసారి, పారుతున్న నీటి ఒత్తిడిని మరొకసారి కొలిచి పోల్చి చూస్తే, లోపం గొట్టంలో ఉందో, నీళ్లు వచ్చే మూలంలోనే ఉందో చాలావరకు తేలిపోతుంది.

ఇందుకు కావలసినవి ఒక బకెట్టు, ఒక గడియారం, కుళాయికి బిగించే ఒక ప్రెషర్ గేజ్ మాత్రమే. లైను ఇంట్లోకి ప్రవేశించే చోటుకు దగ్గరగా ఉన్న కుళాయికి గేజ్ బిగించి, మిగతావన్నీ కట్టేసి, ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకోవాలి. తర్వాత ఇంట్లో మరో రెండు కుళాయిలు పూర్తిగా తిప్పి, ముల్లు ఎంత దిగిందో చూడాలి. నిలిచిన నీటికి 3 బార్లు (బారు ఒత్తిడిని కొలిచే ప్రమాణం) చూపించిన గేజ్, రెండు కుళాయిలు తిప్పగానే 1 బారుకు పడిపోతే, మూలంలో బలం ఉన్నా అది దారిలో హరించుకుపోతోందని అర్థం. లైను మార్చితే ఈ ఇంటికి మేలు జరుగుతుంది. అలా కాకుండా నిలిచిన నీటికే అర బారు చూపిస్తే, ఎంత లావు గొట్టం వేసినా కుళాయి దగ్గర అర బారుకు మించి బలం రాదు. అటువంటి చోట తక్కువ ఎత్తులోని కుళాయిలకు లావు గొట్టం వల్ల కొంత ధార పెరుగుతుంది గానీ, షవర్ జోరు మాత్రం పెద్దగా పెరగదు.

బకెట్టు పరీక్ష మరీ సులువు. 10 లీటర్ల బకెట్టు 30 సెకన్లలో నిండితే నిమిషానికి 20 లీటర్లు వస్తున్నట్టు. అదే 75 సెకన్లు పడితే 8 లీటర్లే. ఒక కుళాయితో ఒకసారి, రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి మరోసారి కొలిచి, తేదీతో సహా రాసి ఉంచుకోవాలి. పని పూర్తయ్యాక ఫలితాన్ని తేల్చేవి ఈ అంకెలే. వీధిలో అందరూ నీళ్లు వాడే ఉదయపు వేళ ఒకసారి, రాత్రి పొద్దుపోయాక మరొకసారి కొలవడం అవసరం. రాత్రి బాగుండి ఉదయం మాత్రమే సన్నబడితే, లోపం వీధి గొట్టానిది అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, ముందు పక్కింటివారిని అడిగి, సరఫరా చేసే సంస్థకు తెలియజేయడం మంచిది.

ఒత్తిడి తక్కువగా ఉందని వీధి గొట్టానికి నేరుగా మోటారు తగిలించి నీళ్లు లాగడం మాత్రం ఎవరూ చేయకూడదు. అలా లాగినప్పుడు గొట్టంలో ఒత్తిడి బయటి మట్టిలోని ఒత్తిడి కంటే తగ్గి, అతుకుల సందుల్లోంచి మురికినీరు లోపలికి చొరబడుతుంది. ఆ కలుషితం ఆ ఇంటితో ఆగక చుట్టుపక్కల వారందరికీ చేరుతుంది. మోటారు కావలసిన ఇంట్లో ముందు నీళ్లు సంపులోకి దిగాలి, సంపు నుంచి మోటారు లాగాలి.

చిన్న అడ్డంకులను ముందు తొలగించాలి

ఒక్క కుళాయిలోనే ధార తగ్గితే సరఫరా లైనుతో సంబంధం లేదు. ఆ కుళాయి మూతిలోని జాలీని విప్పి, సున్నపు పొరను వెనిగర్లో నానబెట్టి కడిగితే సరిపోవచ్చు. వేడినీళ్లలో మాత్రమే తగ్గితే గీజరును, దాని వాల్వులను చూడాలి. ఇల్లంతటా తగ్గితే లైను మీద ఉన్న ప్రతి భాగాన్నీ వరుసగా పరీక్షించాలి. గేట్ వాల్వు చక్రం పూర్తిగా తిరిగినట్టే అనిపించినా, లోపలి పలక కాడ నుంచి విరిగి దారికి అడ్డంగా పడి ఉండవచ్చు. మీటరు ముందుండే జల్లెడలో ఇసుక పేరుకొని ఉండవచ్చు. ఫిల్టరు గుళిక మూసుకుపోయి ఉండవచ్చు. ఒత్తిడి తగ్గించే వాల్వు ఉంటే అది పాడై ఉండవచ్చు. కుళాయిలన్నీ కట్టేసి, ఇంట్లో ఏదీ కారడం లేదని చూసుకున్న తర్వాత కూడా మీటరు ముల్లు కదులుతుంటే నేలలో ఎక్కడో గొట్టం కారుతోందన్నమాట. అప్పుడు ధార తగ్గడానికి కారణం దొరికినట్టే, మార్చడానికి కారణం కూడా దొరికినట్టే.

ఇవన్నీ సరిగా ఉండీ ధార తక్కువగానే ఉంటే, లోపం ఇంటి బయట ఉందా లోపల ఉందా అన్నది తేల్చాలి. మీటరు దాటగానే ఒక కుళాయి ఉంటే అక్కడా, లైను ఇంట్లోకి వచ్చిన చోటా బకెట్టుతో కొలిచి పోల్చాలి. మీటరు దగ్గర నిమిషానికి 35 లీటర్లు వచ్చి ఇంటి మొదట్లో 12 మాత్రమే వస్తుంటే, ఆ రెంటి మధ్య ఉన్న గొట్టమే దోషి. రెండు చోట్లా బాగానే వచ్చి పడకగది స్నానాల గదిలో మాత్రం తగ్గితే, మార్చవలసింది ఇంటి లోపలి గొట్టాలను. బయట తవ్వి ప్రయోజనం లేదు.

కొన్ని మిల్లీమీటర్లు ఎంత తేడా తెస్తాయి

గొట్టం వ్యాసం కొద్దిగా పెరిగినా ప్రవాహం చాలా పెరుగుతుంది. అందుకే ఈ పని అంత ఫలితమిస్తుంది. రాపిడి వల్ల జరిగే నష్టం లోపలి వ్యాసపు దాదాపు ఐదో ఘాతానికి విలోమంగా మారుతుంది, అంటే వ్యాసం కొద్దిగా తగ్గినా నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. 30 మీటర్ల పొడవున్న నున్నటి ప్లాస్టిక్ గొట్టంలో నిమిషానికి 30 లీటర్ల నీరు పారాలనుకుంటే, లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు సుమారు 17.5 మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడి, అంటే సుమారు 1.7 బార్లు, రాపిడికే పోతుంది. వ్యాసం 20 మిల్లీమీటర్లయితే ఆ నష్టం 4.3 మీటర్లకు, 25 అయితే 1.5 మీటర్లకు తగ్గిపోతుంది. 10 మీటర్ల నీటి ఎత్తు దాదాపు 1 బారుకు సమానమన్నది గుర్తుంచుకుంటే ఈ లెక్కలను గేజ్ చూపే అంకెలతో పోల్చుకోవచ్చు.

పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) గొట్టాల సంగతి ఇంకా కష్టం. లోపలి జింకు పూత అరిగిపోయాక ఇనుము తుప్పుపట్టి, ఆ తుప్పు గడ్డలుగా పెరిగి దారిని మూసేస్తుంది. మిగిలిన దారి కూడా గరుకెక్కుతుంది. ఇరుకు సంగతి పక్కన పెట్టి గరుకుదనాన్ని మాత్రమే లెక్కించినా, బాగా తుప్పుపట్టిన గొట్టంలో రాపిడి నష్టం అదే వ్యాసమున్న కొత్త ప్లాస్టిక్ గొట్టంలో కంటే మూడు రెట్లు ఉండవచ్చు. బయటి నుంచి చూస్తే ముప్పావు అంగుళం గొట్టమే, కోసి చూస్తే పెన్సిలు దూరేంత రంధ్రం. ఇటువంటి గొట్టాన్ని శుభ్రం చేయించడం కంటే మార్చడమే మేలని నా నమ్మకం, ఎందుకంటే తుప్పు గడ్డలను ఊడబెరికితే పలచబడిన గోడ అక్కడే చిల్లిపడవచ్చు.

ఎంత వ్యాసం కావాలో తేల్చడానికి ఒకేసారి తెరిచి ఉండగల కుళాయిలను లెక్కించాలి. షవర్‌కు నిమిషానికి సుమారు 10 లీటర్లు, వంటింటి కుళాయికి 8, వాషింగ్ మెషీన్‌కు 10 చొప్పున వేసుకుంటే, మామూలు కుటుంబానికి 30 లీటర్లు చాలుతాయి. రెండు అంతస్తుల్లో రెండు కుటుంబాలుంటే 45 నుంచి 50 వరకు వేసుకోవాలి. వీధి నుంచి 30 మీటర్ల లోపు దూరమున్న ఇంటికి 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం సాధారణంగా సరిపోతుంది. దూరం ఎక్కువైనా, మూలంలో ఒత్తిడి తక్కువైనా ఒక పరిమాణం పెంచుకోవాలి. నేల మళ్లీ మళ్లీ తవ్వలేం కాబట్టి, లెక్కకు వచ్చినదాని కంటే ఒక పరిమాణం ఎక్కువ వేయడం తెలివైన పనే. అయితే అవసరాన్ని మించి మరీ లావు గొట్టం వేస్తే నీరు అందులో ఎక్కువసేపు నిలిచి దానిలోని క్లోరిన్ తగ్గిపోతుంది కాబట్టి, అక్కడితో ఆగడం మంచిది.

ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే లైనుకు ఈ లెక్క మరింత బిగువుగా ఉంటుంది. ట్యాంకులోని నీటిమట్టం కుళాయి కంటే 3 మీటర్లు ఎత్తున ఉంటే మొత్తం బలం 0.3 బారు మాత్రమే. దానిలో సగం దారిలో పోతే షవర్‌కు మిగిలేది చాలా తక్కువ. ఇక్కడ ట్యాంకు నుంచి దిగే ప్రధాన గొట్టాన్ని 32 లేదా 40 మిల్లీమీటర్లకు పెంచి, కుళాయిల దగ్గరకు వచ్చాకే సన్నం చేయాలి. దారిలో ఎక్కడా గొట్టం పైకి లేచి దిగకుండా చూడాలి. అలా లేచిన చోట గాలి చేరి ధారను ఆపేస్తుంది. ట్యాంకు దగ్గరి వాల్వు దాటగానే గొట్టానికి ఒక గాలి గొట్టాన్ని నిలబెట్టి ట్యాంకు పైమట్టం దాటించితే ఆ ఇబ్బంది తప్పుతుంది.

గొట్టం ఎంపికలో జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు బయటి వ్యాసాన్ని లోపలి వ్యాసమనుకోవడం. పాలిథిలీన్ గొట్టానికి చెప్పే కొలత బయటిది: 16 బార్ల తరగతి గొట్టం 25 మిల్లీమీటర్లది కొంటే లోపల సుమారు 20, 32ది కొంటే లోపల సుమారు 26 మిల్లీమీటర్లు వస్తుంది. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకూ వాడే ప్లాస్టిక్) గొట్టంలోనూ లోపలి దారి 18 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అందుచేత పాత ముప్పావు అంగుళం జీఐ గొట్టం స్థానంలో అదే పేరున్న సీపీవీసీ వేస్తే, తుప్పు పోయిన లాభం వస్తుంది గానీ దారి పెరిగిన లాభం రాదు.

నేలలో వేయడానికి నాకు నచ్చేది చుట్టగా దొరికే పాలిథిలీన్ గొట్టం. వీధి నుంచి ఇంటి దాకా మధ్యలో ఒక్క అతుకు కూడా లేకుండా వేయవచ్చు. అతుకు లేని చోట కారడం ఉండదు. అయితే పెట్రోలు, ద్రావకాల వంటివి ఇంకిన మట్టిలో ఆ వాసనలు పాలిథిలీన్ గోడ గుండా నీటిలోకి చేరగలవు కాబట్టి, పాత గ్యారేజీల పక్కన లోహపు పొరతో వచ్చే ప్రత్యేక గొట్టం వాడాలి. యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ చన్నీళ్లకు బాగుంటుంది, వేడినీళ్లకు పనికిరాదు, ఎండలో ఏళ్ల తరబడి వదిలేస్తే పెళుసుబారుతుంది. రాగి మన్నికైనదే, కానీ రాగిని నేరుగా ఇనుముకు కలిపితే ఇనుము త్వరగా తినబడిపోతుంది. ఆ రెంటి మధ్య విద్యుత్తును అడ్డే ప్రత్యేక యూనియన్ (గొట్టాలను కలిపే జోడింపు) ఉండాలి.

గొట్టం మార్చి వాల్వును మార్చకపోవడం మరో పొరపాటు. వాషరు దిగి మూసే స్క్రూ రకం స్టాప్‌కాక్ పూర్తిగా తెరిచి ఉన్నా, 25 మిల్లీమీటర్ల లైను మీద అది ఎనిమిది మీటర్లకు పైగా గొట్టం పెట్టినంత నష్టం కలిగిస్తుంది. పూర్తి దారి ఉన్న బాల్ వాల్వులో ఆ నష్టం లెక్కలోకి రాదు. మీటరునూ గమనించాలి: చాలాచోట్ల పెట్టే 15 మిల్లీమీటర్ల మీటరు గంటకు 2.5 ఘనపు మీటర్ల, అంటే నిమిషానికి సుమారు 42 లీటర్ల, నిరంతర ప్రవాహానికి ఉద్దేశించింది. ఆ స్థాయిలో పారినప్పుడు అదొక్కటే 0.6 బారు వరకు తినవచ్చు. అంతకు మించిన వాడకం ఉంటే పెద్ద మీటరు కోసం సంస్థను అడగాలి.

గడ్డపార పట్టుకునే ముందు

వీధి గొట్టానికి కలిపే చోటు, మీటరు వరకు ఉన్న భాగం సాధారణంగా సరఫరా సంస్థ అధీనంలో ఉంటాయి. వాటిని ముట్టుకోవడానికి అనుమతి కావాలి, చాలావరకు ఆ పనిని సంస్థవారే చేస్తారు. మీ వైపు 25 మిల్లీమీటర్ల గొట్టం వేసి, వీధి వైపు సగం అంగుళం ముక్క అలాగే వదిలేస్తే ఆశించినంత ఫలితం రాదు. అందుకే ఆ భాగాన్నీ అదే సమయంలో మార్చమని ముందే దరఖాస్తు చేసుకోవాలి. కరెంటు, గ్యాస్, టెలిఫోన్ తీగలు, మురుగు గొట్టాలు నేలలో ఎక్కడున్నాయో ఆయా సంస్థల నుంచి తెలుసుకుని, నేల మీద గుర్తులు పెట్టించుకోవాలి.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి ఉంది. పాత ఇళ్లలో నేలలోని ఇనుప నీటి గొట్టాన్నే కరెంటు ఎర్తింగుకు వాడి ఉండవచ్చు. దాన్ని తీసి ప్లాస్టిక్ వేసిన క్షణం నుంచి ఆ ఇంటికి ఎర్తింగు ఉండదు. వైరింగులో ఏదైనా లోపం వస్తే కుళాయి ముట్టుకున్నవారికే షాకు తగులుతుంది. గొట్టాన్ని కోసేటప్పుడు కోసేవారికీ ఆ ప్రమాదం ఉంది. కాబట్టి లోహపు గొట్టం తీయడానికి ముందే ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి, అవసరమైతే వేరే ఎర్తింగు వేయించాలి. దీన్ని వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

పాత గొట్టం బూడిదరంగులో మెత్తగా ఉండి, గోరుతోనో నాణెంతోనో గీస్తే వెండిలా మెరిస్తే, అది సీసపు గొట్టం. దాన్ని మీటరు నుంచి ఇంటి దాకా పూర్తిగా తీసేయాలి. కొంత తీసి కొంత వదిలేస్తే, కదలిక వల్ల మిగిలిన ముక్క నుంచి సీసం కొంతకాలం మరింత ఎక్కువగా నీటిలోకి చేరవచ్చు.

తవ్వడం, వేయడం

వీలైనంత తిన్నని దారి ఎంచుకుని, చెట్ల వేళ్లకూ మురుగు గొట్టాలకూ దూరంగా కాలువ తవ్వాలి. మురుగు గొట్టాన్ని దాటక తప్పకపోతే నీటి గొట్టం పైనా మురుగు గొట్టం కిందా ఉండాలి, ఆ చోట నీటి గొట్టానికి అతుకు ఉండకూడదు. లోతు స్థానిక నియమాన్ని బట్టి ఉంటుంది; నేల గడ్డకట్టే ప్రాంతాల్లో మంచు దిగే లోతు దాటాలి, మిగతా చోట్ల బండి చక్రాల బరువు, ఎండ వేడి తగలనంత లోతు ఉండాలి. ముంగిట సిమెంటు గచ్చు ఉండి పగలగొట్టడం ఇష్టం లేకపోతే, రెండు చివరలా గుంతలు తీసి మధ్యలో నేల కింద నుంచే గొట్టం లాగే పద్ధతులున్నాయి. అది యంత్రమున్న పనివారు చేయవలసిన పని.

కాలువ అడుగున రాళ్లు ఏరి, 10 సెంటీమీటర్ల మందాన ఇసుక పరిచి, దాని మీద గొట్టాన్ని కొద్దిగా వంపులు తిరిగేలా పడుకోబెట్టాలి. పాలిథిలీన్ చలికి కుంచించుకుంటుంది కాబట్టి బిగువుగా లాగి వేస్తే చివరి అతుకులు ఊడవచ్చు. గోడ గుండా వెళ్లే చోట గొట్టాన్ని నేరుగా సిమెంటులో పూడ్చకుండా, అంతకంటే లావైన తొడుగు గొట్టంలో నుంచి దూర్చి, సందును మెత్తటి పూతతో మూయాలి. అప్పుడు గోడ కుంగినా గొట్టం తెగదు. ప్లాస్టిక్ గొట్టం వెంట ఒక రాగి తీగ వేసి ఉంచితే, తర్వాత ఎప్పుడైనా దాని దారిని పరికరంతో కనుక్కోవచ్చు. ఇంట్లోకి రాగానే బాల్ వాల్వు, దాని పక్కనే లైను ఖాళీ చేసుకునే చిన్న కుళాయి ఉండాలి. మరలున్న చోట ప్లాస్టిక్ మగ మరను లోహపు ఆడ మరలోకి బిగించాలి. లోహపు మగ మరను ప్లాస్టిక్‌లోకి గట్టిగా తిప్పితే ప్లాస్టిక్ చీలుతుంది.

పరీక్షించి, శుద్ధి చేసి, వాడకంలోకి తేవడం

మట్టి పూడ్చకముందే ఒత్తిడి పరీక్ష జరగాలి. లైనును నీటితో నింపి, గాలి మొత్తం బయటికి వదిలి, వాడే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజ్‌నూ ప్రతి అతుకునూ గమనించాలి. పాలిథిలీన్ మొదట్లో కొద్దిగా సాగుతుంది కాబట్టి ముల్లు కాస్త దిగినంత మాత్రాన కారుతోందని కంగారుపడనక్కర్లేదు. మళ్లీ ఎక్కించి నిలకడకు వచ్చాక చూడాలి. సాల్వెంట్ సిమెంటుతో అతికినవైతే తయారీదారు చెప్పినంతసేపు ఆరనిచ్చాకే పరీక్షించాలి.

తర్వాత శుద్ధి. 26 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో 30 మీటర్ల లైనులో సుమారు 16 లీటర్ల నీరు పడుతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలంటే, 5 శాతం బలమున్న వాసన కలపని బ్లీచు 16 మిల్లీలీటర్లు చాలు. దాన్ని నీళ్లలో కలిపి లైను నిండా నింపి, స్థానిక నియమం చెప్పినంతసేపు, సాధారణంగా ఒక రోజు, నిలవనిచ్చి, క్లోరిన్ ఘాటు పోయేవరకు పారించాలి. ఇదంతా లైనును వీధి గొట్టానికి కలపకముందు గానీ, వెనక్కి పోనివ్వని వాల్వు పెట్టాక గానీ చేయాలి.

పాత లైనును కోసి కొత్తదాన్ని కలిపాక, ఇంట్లోని జాలీలన్నీ విప్పి ఉంచి, లైనుకు దగ్గరి కుళాయి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తిప్పి ఇసుక, తుప్పు రజను కొట్టుకుపోనివ్వాలి; లేకపోతే ఆ చెత్త అంతా జాలీల్లో చేరి, కొత్త లైను వేసిన రోజే ధార మళ్లీ సన్నబడుతుంది. పాత గొట్టాన్ని నేలలో వదిలేస్తే వీధి వైపు చివరను సంస్థవారి చేత పూర్తిగా మూయించాలి. పూడ్చేముందు గోడ మూల నుంచి గొట్టం ఎంత దూరంలో, ఎంత లోతులో ఉందో కొలిచి, ఫోటో తీసి, చిన్న పటం గీసి మీటరు పెట్టె తలుపు లోపల అంటించి ఉంచుకోవాలి.

ఇప్పుడు పాత అంకెలు తీసి, అదే బకెట్టుతో, అదే వేళకు, రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి మళ్లీ కొలవాలి. ఇంటి మొదట్లో ధార బాగా పెరిగి, దూరపు గదిలో పెరగకపోతే, ఆ గదికి వెళ్లే లోపలి గొట్టం ఎక్కడ సన్నబడిందో వెతకాలి. దానికీ ఇదే గేజ్, ఇదే బకెట్టు సరిపోతాయి.